నీలిరెక్కకి పైట వేసిన చెయ్యి

కొత్తపేట,
ఆదివారం.

శ్రీవారికి తులసి నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ అత్తయ్యగారు, మావయ్యగారు, పెరట్లో ఆవు, దూడ అందరూ బాగున్నారు. హైదరాబాదులో మీరూ బాగుండాలి. నేను కూడా బాగున్నానని రాస్తే అబద్ధమవుతుంది. నాకు కోపంగా ఉంది. పెళ్ళయిన ఈ నాలుగేళ్ళలో మీ మీద నాకు ఎన్నిసార్లు కోపం వచ్చిందో మీకు తెలియదు, నేను చెప్పలేదు కనుక. ఫోనులో చెబుదామంటే మీరు స్పీకరు పెడతారు. మీ గదిలో ఉండే ముగ్గురూ "చెల్లెమ్మా, బాగున్నావా" అంటారు. నేను "ఆయ్, బాగున్నానండి" అని ఫోను అత్తయ్యగారి చేతిలో పెట్టేస్తాను. అందుకని కాగితం మీద పెడుతున్నాను. ఏడో తరగతితో ఆగిన చదువు, రాతలో తప్పులుంటే సర్దుకోండి. కోపంలో తప్పు లేదు.

ముందు మీరు ఉత్తరంలో అడిగినవి. గొట్టంలో పెట్టి పంపిన పోస్టరు నలగకుండా చేరింది. అత్తయ్యగారి మోకాలికి నూనె రాస్తున్నాను, మెట్లు దిగేటప్పుడు మాత్రం మిమ్మల్ని తలుచుకుంటున్నారు. కొబ్బరి దింపు అయ్యింది, ఈసారి కాయ సన్నం. మీరు పోస్టరు చేసిన సినిమా గురించి ఊళ్ళో ఏమనుకుంటున్నారని అడిగారు కదా. పిల్లలంతా మెడకి తువ్వాలు కట్టుకుని గడ్డిమేటు మీంచి దూకుతున్నారు. పక్కింటి ఇందిరగారి మనవడి మొదటి పుట్టినరోజుకి సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. ఆ సినిమాలో ఎగిరే మీ హీరో నీలిరెక్క ఒంటికి ఆ పసివాడి మొహం అతికించి, కింద చుట్టాల ఫోటోలు నాలుగు వరసలు వేశారు. మావయ్యగారు దాని కింద నిలబడి చాలాసేపు చూసి, "ఏవండీ ఇందిరగారూ, పిల్లాడికి పాలు పడుతున్నారా, రాళ్ళు పెడుతున్నారా, ఛాతీ అంత పెరిగిపోయిందీ" అన్నారు. ఆవిడ మురిసిపోయింది.

ఇక అసలు సంగతి.

మీ ఉత్తరం మావయ్యగారి పేర వచ్చింది. ఆయన కళ్ళజోడు కాడ విరిగిపోయి ఉండడంతో అరుగు మీద కూర్చుని నేనే పైకి చదివాను. హైదరాబాదులో పెద్ద హాల్లో నీలిరెక్క మొదటి పోస్టరు విడుదల చేశారనీ, కంప్యూటరులో చేసిన బొమ్మల మధ్య మన ఇంటినుంచి వెళ్ళిన చేతిబొమ్మ తెర మీద పడగానే డైరెక్టరుగారు లేచి నిలబడ్డారనీ రాశారు. మీరు స్టేజీ ఎక్కి, "ఆలోచన నాది, చెయ్యి మా నాన్నగారిది" అని చెబితే హాలంతా చప్పట్లు కొట్టిందని రాశారు. మావయ్యగారు అక్కడ ఆపమన్నారు. ఆ వాక్యం రెండుసార్లు చదివించుకున్నారు. అత్తయ్యగారు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. నేను తలొంచుకుని తరవాతి పేజీ తిప్పాను.

వచ్చే గురువారం మీ సినిమా కంపెనీవాళ్ళు కెమెరాలతో కొత్తపేట వస్తున్నారట. మన సినిమా హాలు ముందు గోడ మీద, పరంజా కట్టించుకుని, ముప్ఫై అడుగుల ఎత్తున మావయ్యగారు నీలిరెక్క బొమ్మ వేస్తుంటే వీడియో తీస్తారట. హాలువాళ్ళతో మాట్లాడేశారట. అభిమాన సంఘం శ్యామ్ బాబుకి చెప్పి గోడకి సున్నం కూడా వేయించేశారట. అన్నీ అయిపోయాయి. అరవై ఎనిమిదేళ్ళ మనిషిని "ఎక్కగలరా నాన్నగారూ" అని అడగడం ఒక్కటే మిగిలిపోయింది.

ఆ కింద ఇంకో ముక్క రాశారు. "తులసికి సిగ్గు కదా, వీడియోలో పడకుండా లోపలే ఉండి, వచ్చినవాళ్ళకి కాఫీలు, పూతరేకులు చూసుకోమనండి." దాన్ని కూడా నేనే పైకి చదివాను. నా గొంతుతో చదివాను. అత్తయ్యగారు వెంటనే, "చదివేది నువ్వే కదే, మళ్ళీ నీకు మేం చెప్పాలా" అని నవ్వారు. మావయ్యగారు నవ్వలేదు. నా మొహంలోకి చూసి, తల అటు తిప్పుకున్నారు.

కాసేపటికి, "ఎక్కుతానని రాసెయ్యమ్మా" అన్నారు.

నేను రాయలేదు. ఎందుకు రాయలేదో ఇప్పుడు చెబుతాను. కోపం తెచ్చుకోకుండా చదవండి అని మాత్రం అనను. మీకు కూడా కాస్త రానివ్వండి.

మావయ్యగారి కుడిచెయ్యి వణుకుతోంది. నిరుడు దసరా ముందు మొదలైంది. మొదట బొటనవేలు, తరవాత మణికట్టు. డాక్టరుగారు మందిచ్చారు, అది పెరగకుండా చూస్తుందే గాని పోగొట్టదని చెప్పారు. ఆస్పత్రికి నేనే తీసుకువెళ్ళాను. ఇంటికి వస్తూ ఆటోలో, "అబ్బాయికి చెప్పకమ్మా, ఇంట్లో కుంచె పట్టలేని పెయింటరున్నాడంటే వాడికక్కడ పని మీద మనసుండదు" అన్నారు. నేను మాటిచ్చాను. మీరు ఆ తరవాత రెండుసార్లు వచ్చారు. రెండోసారి ఆయన కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగుతుంటే మీరు చూశారు. చూసి, "నాన్నగారికి చలేస్తున్నట్టుంది" అని లేచి ఫ్యాను ఆపారు. మే నెలలో. నాకు ఆ రోజు కోపం రాలేదు. ఇప్పుడు వస్తోంది.

మొన్న శుక్రవారం పొద్దున్న ఆయన నాకు చెప్పకుండా పెరట్లో ప్లైవుడ్ ముక్క ఒకటి ఆనించుకుని కన్ను గీయడం మొదలుపెట్టారు. ఎంతమంది హీరోల కళ్ళు వేసిన చెయ్యి అది, మీకు నాకంటే బాగా తెలుసు. పైరెప్ప గీత సగం దాకా నిలిచింది, అక్కణ్ణుంచి జారి చెవి దగ్గరికి పోయింది. కిరసనాయిలు గుడ్డతో తుడిచారు. మళ్ళీ గీశారు. మళ్ళీ తుడిచారు. మూడోసారి ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని గీశారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నానని తెలిసి, "ఎండ కళ్ళల్లో పడిపోతుందమ్మా" అన్నారు. ఆ రోజు పొద్దున్నుంచీ మబ్బు.

తరవాత ఆయన అన్న మాట వినండి. "గురువారం ఇలా చేద్దాం అమ్మాయ్. వాళ్ళు రాకముందే నువ్వు వేసేసి దిగిపో. నేను పైన కుంచె పట్టుకుని నిలబడతాను. కెమెరాకేం తెలుస్తుంది?"

నలభై ఏళ్ళు వీర్రాజు ఆర్ట్స్ అని సంతకం పెట్టిన మనిషి. తన చెయ్యి పడని బోర్డు మీద ఒక్కనాడూ సంతకం పెట్టలేదని మీరే నాకు పెళ్ళయిన కొత్తలో గొప్పగా చెప్పారు. ఆ మనిషి చేత మీ చప్పట్లు ఈ మాట అనిపించాయి. నా కోపమంతా ఇక్కడుంది.

"నువ్వు వేసేసి దిగిపో" అన్న చోట మీరు ఆగి ఉంటారు. ఆగండి. దానికంటే ముందు మీ ఇంకో ప్రశ్నకి జవాబు చెప్పాలి.

ఆ పోస్టరులో హీరో వెనక ఎగిరే గుడ్డ, మీరు కేప్ అంటారు, మావయ్యగారు దుప్పటి అంటారు, దాని అంచు నాన్నగారు ఎక్కడ చూసి వేశారని అడిగారు. అంచు పొడుగునా ఉన్న రుద్రాక్షల్లో ప్రతి పన్నెండోదీ సగమే ఉందనీ, అది పెద్ద కళాకారుడు కావాలని వదిలిన గుర్తని డైరెక్టరుగారు మురిసిపోయారనీ రాశారు. కేప్ అందరికీ రెండు భుజాల మీంచి వేలాడుతుంటే నాన్నగారు ఎడమ భుజం మీంచి మాత్రమే వదలడం ఎవరికీ రాని ఆలోచన అని కూడా రాశారు.

పోస్టరు ఫోనుల్లో తిరగడం మొదలైన రోజే బండారులంక నుంచి మా అమ్మ ఫోను చేసింది. మా అమ్మ చిట్టెమ్మకి అక్షరం ముక్క రాదు, సినిమాకి వెళ్ళి పదేళ్ళు దాటింది. పక్క మగ్గం జీవరత్నం అత్త ఫోనులో చూపించిందట. "ఒసే తులసీ, ఆ ఎగిరేవోడికి మనంచు ఎవరేసేరే?" అంది.

నేను ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాను.

"నువ్వే వేసేవా? దొంగమొహమా, మగోడికి పైటేసేవేంటే" అని ఒకటే నవ్వు. జీవరత్నం అత్త వెనకనుంచి, "జారిపోకుండా పిన్నీసు కూడా పెట్టాల్సింది వదినా" అంటోంది.

మా అమ్మ మగ్గానికి అంచు పువ్వు తీసే అట్టలు ఉంటాయి కదా. అందులో ఒక అట్టని నా చిన్నప్పుడు ఎలుక కొరికింది. అప్పటినుంచీ మా ఇంటి రుద్రాక్ష అంచులో పన్నెండోది సగమే పడుతుంది. అట్ట మార్చమని అందరూ చెప్పారు, మా అమ్మ మార్చలేదు. నేను పుట్టి బుద్ధెరిగాక చూసిన రుద్రాక్ష అంచు అదొక్కటే. అంచంటే అలాగే ఉంటుందని నా చేతికి అలవాటు. గుడ్డ గాలికి ఎగరడం కూడా నాకు పైటలోనే తెలుసు, అందుకే ఎడమ భుజం మీంచి పోయింది. బొమ్మ సగమయ్యాక మావయ్యగారు చూసి, "రెండో భుజం మర్చిపోయేవమ్మా" అన్నారు. అప్పటికి రంగు ఆరిపోయింది. "పోన్లే, ఎగిరేవాడికి ఏ భుజమైతేనేం" అని వదిలేశారు. అందులో ఆలోచనేమీ లేదు. పొరపాటు.

ఆ అంచు మీరు చూడనిది కాదు. నా పెళ్ళిచీర అంచు అదే. పీటల మీద మూడు గంటలు మీ మోకాలి మీద పడి ఉంది. కంప్యూటరులో ఆ బొమ్మని పెద్దది చేసి, చిన్నది చేసి, నెల రోజులు చూశారు. డైరెక్టరుగారికి అందులో గొప్పతనం కనపడింది. మా అమ్మకి తన కూతురు కనపడింది. మీకు ఎవరూ కనపడలేదు.

ఆ బొమ్మ నేను వేశాను. పోయిన శ్రావణమాసంలో "నాన్నగారి చేత పాతకాలం పద్ధతిలో ఒక్క బొమ్మ వేయించి ఫోటో పంపు" అని మీరు అడిగితే, పంపకపోతే చెయ్యి సంగతి తెలిసిపోతుందని ఇద్దరం భయపడ్డాం. ఆయన ముక్కాలిపీట మీద కూర్చుని చెప్పారు, నేను వేశాను. మొహంలో నీలం ఎక్కడ, గులాబీ ఎక్కడ, కింద నిలబడి చూసేవాడి కంటికి నుదురు చిన్నదవుతుంది గనక ముందే ఎంత పెంచాలి, అన్నీ ఆయన నోటినుంచి వచ్చినవే. కుంచె మాత్రం మొదటి గీత నుంచి ఆఖరిదాకా నా చేతిలోనే ఉంది. అంతకుముందు మూడేళ్ళు బొమ్మ పెంచడానికి గళ్ళు గీయడం, రంగులు కలపడం నాతో చేయించారు కదా, చెయ్యి అప్పుడే అలవాటు పడింది. ఈ ఏడాదిగా మన ఊళ్ళో లేచిన బోర్డులు, పాలకేంద్రం ఆవు, చర్చి గోడ మీద వాక్యం, అన్నీ నావే. సంతకం ఉండదు, మీరు గమనించలేదు.

దాచడంలో నా తప్పూ ఉంది. బొమ్మ బాగుందని ఎవరైనా మావయ్యగారితో అంటే నేను లోపలి గదిలోకి వెళ్ళి నవ్వుకునేదాన్ని. అది చాలనుకున్నాను. నిజంగానే చాలింది, మీ పూతరేకుల వాక్యం చదివేదాకా.

అత్తయ్యగారికి కూడా తెలియదనుకున్నాం. శుక్రవారం భోజనాల దగ్గర మేమిద్దరం మాట్లాడకుండా కూర్చుంటే ఆవిడ పప్పు వడ్డిస్తూ, "మీ దొంగాట నాకు తెలీదనుకున్నారా? ఏడాదై ఈ పిల్ల గోళ్ళల్లో రంగు వదల్లేదు. ఆయన పంచె మీద ఒక్క చుక్క పడలేదు" అన్నారు. మావయ్యగారు, "మరి అడగలేదేవే రాజ్యం" అంటే, "అడిగితే మీరు ఏడుస్తారని" అన్నారు. ఆయన అన్నం కలుపుతూ ఉండిపోయారు.

ఇంకొకటి చెప్పాలి. ఇది మీకు బాగా కోపం తెప్పిస్తుంది.

నిన్న శనివారం మీ కంపెనీనుంచి జాస్మిన్ అనే ఆవిడ ఫోను చేసింది, గురువారం ఎన్ని గంటలకి వెలుతురు బాగుంటుందని. మావయ్యగారు పడుకుని ఉన్నారు. నేను తీశాను. ఎప్పటిలా "ఆయ్, చెప్తానండి" అని పెట్టేయబోయాను. పెట్టలేదు. బొమ్మ ఆయన వేయలేదు, నేను వేశానని చెప్పేశాను.

ఆవిడ నా పేరడిగింది. తరవాత, "గోపీకృష్ణగారికి తెలుసా అండీ?" అంది.

"ఇంకా తెలీదండి. ఉత్తరం రాస్తాను."

"ఉత్తరమా" అంది. మళ్ళీ, "చూడండి, మేం కథంతా పెద్దాయన మీద రాసుకున్నాం. ఆఖరి కుంచె అని పేరు కూడా పెట్టేశాం. మీరు పక్కన నిలబడి రంగులు అందిస్తుంటే, కుంచె ఆయన పట్టుకుంటే సరిపోతుంది కదండీ. అబద్ధం కూడా కాదు, ఆయన ఒకప్పుడు వేసినవారే కదా" అంది.

"కుదరదండి" అన్నాను.

ఆ మాట బయటివాళ్ళతో నేను అనడం అదే మొదలు. చీరలమ్మే అతనితో కూడా వద్దనలేక కొనేస్తానని మీరు వెక్కిరిస్తుంటారు కదా. ఆవిడ కసరలేదు. సోమవారం డైరెక్టరుగారితో చెబుతాననీ, వాళ్ళు వస్తారో రారో తెలియదనీ చెప్పింది. అంటే మీకీ ఉత్తరం అందేటప్పటికే ఆఫీసులో మిమ్మల్ని అడుగుతారు. అందరి ముందూ మీరు అన్న మాట తప్పయిపోతుంది. అది నాకు తెలుసు. తెలిసే చెప్పాను. మిమ్మల్ని అడిగి చెప్పాల్సింది అంటారేమో. మీరు మమ్మల్ని అడిగి గోడకి సున్నం వేయించారా?

సాయంత్రం శ్యామ్ బాబు వచ్చాడు. కంపెనీ వచ్చినా రాకపోయినా గోడ మీద బొమ్మ పడాల్సిందేనట, చుట్టుపక్కల ఊళ్ళకి చెప్పేసుకున్నారట. ఈసారి మావయ్యగారే మాట్లాడారు. అరుగు మీంచి లేవకుండా, చేతులు దాచుకోకుండా, "నా చెయ్యి పనిచెయ్యట్లేదు బాబూ. మా కోడలు వేస్తాది. నేను కింద కూర్చుంటాను. ఇష్టం లేకపోతే ఫ్లెక్సీ కట్టించుకోండి" అన్నారు.

శ్యామ్ బాబు బుర్ర గోక్కుని, "అది కాదు బాబాయ్‌గారూ, ఆడమనిషి పరంజా ఎక్కితే ఎలాగుంటుందో..." అన్నాడు.

అత్తయ్యగారు లోపలినుంచి, "పరంజా ఎక్కుతాది గాని నీ నెత్తెక్కదు కదా బాబూ, నీకెందుకు బెంగ" అన్నారు. అతను కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

ఈ రోజు ఎక్కాను. పొద్దున్న ఎనిమిదింటికి, చీర కుచ్చిళ్ళు పైకి దోపి, కింద మీ పాత ప్యాంటు వేసుకుని ఎక్కాను. మొదటి అంతస్తులో బద్దలు కదిలితే కళ్ళు మూసుకున్నాను. చర్చినుంచి వస్తున్న ఆడవాళ్ళు ఆగారు, హోటలు దగ్గరివాళ్ళు ఆగారు, నా వీపంతా మంటలు. ఎవరో "వీర్రాజుగారి కోడలేనా" అంటే మావయ్యగారు కుర్చీలోంచి, "ఆయ్, మా కోడలే. నీడ అడ్డమొస్తుంది, కాస్త పక్కకి జరగండి" అన్నారు. కాళ్ళు, మోకాళ్ళు అయ్యేటప్పటికి ఆయన మొదలుపెట్టారు. "ఎడమ మోకాలు పీలగా ఉంది అమ్మాయ్. అక్కణ్ణుంచి తెలీదు, దిగి చూడు." దిగాను, చూశాను, ఎక్కాను. నాలుగుసార్లు. నాలుగోసారికి జనం సంగతి మర్చిపోయాను.

ఈ ఉత్తరం రేపు పొద్దున్నే కొరియరులో వేస్తే మంగళవారానికి మీకు చేరుతుంది. నాకు మీనుంచి కావలసినవి ఇవి. చెయ్యి సంగతి మీకు తెలిసిందని మావయ్యగారికి మీరే చెప్పండి, ఫోనులో కాదు, స్పీకరులో అసలే కాదు. పోస్టరు మూల మీ పేరొక్కటే ఉంది, దాని పక్కన ఏం రాయించాలో ఆలోచించుకోండి. నా పేరు వేయమని అడగను. వద్దని కూడా అనను, ఇదివరకులా.

గురువారం కెమెరాలు వచ్చినా రాకపోయినా నేను మొహం మొదలుపెడతాను. మొహం అన్నిటికంటే పైన ఉంది. అక్కడికి పరంజా మీద ఇంకో నిచ్చెన వేసుకుని ఎక్కాలి. దాన్ని పట్టుకోవడానికి గట్టి చేతులున్న మనిషి కావాలి. మావయ్యగారి చేత పట్టించలేను. శ్యామ్ బాబు బృందం ఫోనులో వీడియో తీస్తూ నిలబడతారు, నిచ్చెన వదిలేసినా వాళ్ళకి తెలియదు. మీరు బుధవారం బస్సెక్కండి. వచ్చి క్షమించమనడం, బుజ్జగించడం ఏమీ వద్దు, నా కోపం అంత తొందరగా తగ్గేది కాదు. నిచ్చెన పట్టుకోండి. పైకి చూడకుండా, మాట్లాడకుండా, గట్టిగా పట్టుకోండి. మీరు పట్టుకుంటే కోపంతోనే ఎక్కుతాను.

ఇట్లు,
వీర్రాజుగారి కోడలు, మీ భార్య,
లక్ష్మీతులసి